నిరతాన్నదాత్రి శ్రీమతి డొక్కా సీతమ్మగారు

మన గోదావరీ మండలములయందలి బాలబాలికలకు డొక్కా సీతమ్మగారి పేరు క్రొత్తది కాదు. 2024వ సంవత్సరమునుండి మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలయందును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలయందును మధ్యాహ్నమున పెట్టు భోజనమునకు ఆమె పేరే పెట్టబడినది. అయినను దినదినమును ఆ భోజనమును భుజించు పిల్లలలో ఆమె ఏ యూరివారో, ఏ కాలమువారో, చేసినదేమో ఎరిగినవారు కొందరే. ఒకనాడు మేము చిన్న తరగతిలో ఈ ప్రశ్న నడుగగా, ఒక పిల్లవాడు లేచి, బడిలో వండిపెట్టు మామ్మగారి పేరే సీతమ్మగారు కాబోలునని జవాబు చెప్పెను. తక్కిన పిల్లలందరును పకపక నవ్విరి. మేమును మొదట చిరునవ్వు నవ్వితిమి గాని, ఇంటికి పోవుచు ఆలోచించినకొలది ఆ జవాబు అంత తప్పు కాదని మాకు తోచినది. అందుచేత ఈ యేటి సంచికలో ఆ మహనీయురాలి చరిత్రమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును క్లుప్తముగా విన్నవింప బూనుకొంటిమి.

సీతమ్మగారు 1841వ సంవత్సరము అక్టోబరు మాసమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. భవానీశంకరముగారు ఇంటికి వచ్చినవారికి అన్నము పెట్టక పంపెడివారు కారు. అందుచేత ఊరివారు ఆయనను బువ్వన్నగారని పిలిచెడివారట. బువ్వ యన్నది చంటిపిల్లల మాట. పండితులకు బిరుదులిచ్చుట లోకమున కలదు. కాని పసిపాప నోట మొదట వచ్చు మాటను బిరుదుగా పొందిన భాగ్యము ఎందరికి లభించును? ఆ తండ్రి కడుపున పుట్టిన బిడ్డకు అన్నదానము పుట్టుకతో వచ్చిన విద్య యయ్యెను.

ఆమె పుట్టిన కాలమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. నేడు కోనసీమను చూచినవారు అది ఎల్లకాలమును పచ్చగనే యుండెనని తలంతురు. అది నిజము కాదు. 1832-33 సంవత్సరములలో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను పాడుచేసి, గోదావరీ ప్రాంతమును గూడ బాధించెను. 1839లో కోరంగి రేవును తుపాను ముంచివేసెను. నది నిండుగా ప్రవహించుచుండగనే, ఆ నీరు పొలములకెక్కక సముద్రము పాలగుచుండెను. కాటన్ దొరగారు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిరి. అప్పటికి సీతమ్మగారికి పదునొకండేండ్లు. కావున కరువు మాటలు వినుచు పెరిగి, కాలువల నీరు పొలములకు వచ్చుట కన్నులార చూచిన తరములోనిది ఆమె. ఆకలి యన్న మాట ఆమెకు కథలోని మాట కాదు.

తల్లి చిన్నతనముననే గతించుటచే ఇంటి భారమంతయు ఆ పసిదానిపై పడెను. ఆ దినములలో ఆడుపిల్లలను బడికి పంపువారు లేరు. అక్షరములు దిద్దవలసిన వ్రేళ్లు పొయ్యిలో పుల్లలు ఎగద్రోయుట నేర్చుకొన్నవి. పెద్దలు చెప్పు పురాణకథలు వినుటయే ఆమె చదువు. వచ్చినవారి ముఖము చూచి ఆకలి నెరుగుటయే ఆమె లెక్కలు. చదువురానివారిని చులకనగా చూచు అలవాటు మన విద్యార్థులలో ఎవరికైన నున్నచో, ఆ యలవాటు ఈ చరిత్రముతో వదలుగాక.

లంకల గన్నవరమునుండి డొక్కా జోగన్న పంతులుగారు ఒకనాడు పండితసభకు పోయి మరలివచ్చుచు, మధ్యాహ్నవేళ మండపేటలో బువ్వన్నగారి యింట దిగిరి. ఆయన వేదము చదివినవారు, సేద్యము గలవారు. తండ్రి యింట లేకపోయినను చిన్నపిల్ల తడబడక, కాళ్లకు నీళ్లిచ్చి, వంటచేసి, ఆదరముతో వడ్డించినదట. జోగన్నగారు ఆ పిల్ల మర్యాదను చూచి, ఆమెనే వివాహమాడగోరిరని చెప్పుదురు. ఇట్లు సీతమ్మగారు గన్నవరపు కోడలైరి.

ఆ యూరి యునికిని తెలిసికొన్నగాని తక్కిన కథ బోధపడదు. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమి యనియు, వసిష్ఠ యనియు రెండు పాయలగును. వసిష్ఠనుండి వైనతేయ యను పాయ చీలుచోట గన్నవరమున్నది. ఏటి కావలి ఊళ్లకు పోవలసినవారు అచ్చట ఏరు దాటవలెను. అంతర్వేది యాత్రికులు, సంతకు పోవువారు, పడవవారు, బండ్లవారు అందరును ఆ యూరి మీదుగనే నడచెడివారు. రేవునకు పొద్దుండగా వచ్చినవాడు పడవనెక్కును; పొద్దుగ్రుంకిన పిదప వచ్చినవాడు, వరదనాడు వచ్చినవాడు ఆగవలసినదే. పూటకూళ్ల యిండ్లు దొరకని ఆ చోట, ఆగినవానికి అన్నమెవరు పెట్టుదురు? డొక్కావారి లోగిలి ఆ ప్రశ్నకు జవాబయ్యెను.

మొదట పరిచయస్థులు వచ్చిరి. పిదప వారి పేరు చెప్పుకొని ఇతరులు వచ్చిరి. తుదకు ఏ పేరును చెప్పనక్కరలేకపోయెను. ఆకలితో వచ్చుటయే ఆ యింటికి పరిచయపత్రమయ్యెను. పగలనక రాత్రియనక, వేళ మించినదనక, సీతమ్మగారు పొయ్యి రాజబెట్టి వండి వడ్డించెడివారు. అందరును తినిన పిదప తాము భుజించుట వారి నియమము. కులమేదియో, మతమేదియో అడిగి అన్నము పెట్టుట వారి యింట లేదని ఆ ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఆ కాలపు ఆచారములు ఎంత కఠినములో మన తాతలెరుగుదురు. ఆ ఆచారముల నడుమ పుట్టి, ఆ ఆచారముల నడుమనే పెరిగిన యొక బ్రాహ్మణ గృహిణి ఆకలికి కులము లేదని గ్రహించుట సామాన్యవిషయము కాదు. ఒకసారి వరదరోజులలో, రాత్రివేళ, ఏటినడుమ లంకలో చిక్కుకొన్నవాని ఆకలి కేక విని, జోగన్నగారు పడవమీద అన్నము కొనిపోయి వానికి పెట్టి వచ్చిరని కూడ ఒక కథ కలదు. భార్య పెట్టు అన్నమునకు భర్త పడవ నడపెనన్నమాట. ఇట్టి పనులు ఒక్కరి వలన జరుగవు. ఇల్లంతయు ఒక్క మనస్సు కావలెను.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును దహించిన ధాత కరువు కాలమున ఆమెకు ముప్పదియైదేండ్లు. చెన్నరాజధానిలో లక్షలకొలది ప్రజలు మడిసిరి. ఆనకట్ట క్రింద పొలములు గల గోదావరి డెల్టాలో మాత్రము ధాన్యము పండెను. నీరు ఒక్కటే ప్రజలను రక్షింపదు. నీటివలన పండిన గింజ ఆకలిగొన్నవాని నోటివరకు పోవలెను. కాటన్ దొరగారు చేసినది మొదటి పని; సీతమ్మగారు చేసినది రెండవ పని. మొదటిది గొప్ప రాతికట్టడముగా అందరి కన్నులకు కనబడును. రెండవది విస్తరిలో వడ్డింపబడి, గంటసేపటిలో కనబడకుండ పోవును. రెండును కలిసినగాని ఆకలి తీరదు.

ఆమె చరిత్రములో మన పిల్లలు తప్పక తెలిసికొనవలసిన ఘట్టము అంతర్వేది ప్రయాణము. చిరకాలము అన్నదానములో మునిగి, ఊరు విడువ వీలులేక, ఆమె ఏ తీర్థమును సేవింపలేదు. ఒకసారి మాత్రము అంతర్వేదిలో నరసింహస్వామివారిని దర్శింపవలెనని ఎన్నాళ్లనుండియో గల కోరిక తీర్చుకొనుటకు బయలుదేరెను. త్రోవలో నొకచోట ఆగియుండగా, కొందరు ప్రయాణికులు పిల్లలతో అటు వచ్చుచుండిరి. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, పెద్దలు వారిని బుజ్జగించుచు, ఇంకెంతో దూరము లేదనియు, గన్నవరము చేరిన సీతమ్మగారింట కడుపునిండ అన్నము దొరకుననియు చెప్పుకొనుచుండిరి. ఆ మాట ఆమె చెవిని బడినది. వారికి తానెవరో చెప్పలేదు. వెంటనే ప్రయాణము మరలించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంట సిద్ధము చేసినదట. స్వామి దర్శనము నిలిచిపోయెను. పిల్లల యేడ్పు నిలిచిపోయెను.

క్రైస్తవులమగు మాకు ఈ ఘట్టము చదివినప్పుడెల్ల సువార్తలోని యొక చిన్న విషయము జ్ఞప్తికి వచ్చుచుండును. మన ప్రభువు యాయీరు కుమార్తెను, పండ్రెండేండ్ల బాలికను, మరణమునుండి లేపినప్పుడు చుట్టునున్నవారందరు ఆశ్చర్యములో మునిగియుండిరి. ఆయన మాత్రము ఆ పిల్లకు తినుట కేమైన పెట్టుడని ఆజ్ఞాపించెను. అంత గొప్ప యద్భుతము నడుమ ఆ పిల్ల యాకలి ఆయనకొక్కనికే జ్ఞప్తియందుండెను. మతము వేరైనను, దైవదర్శనముకంటె ముందుగా బిడ్డ యాకలిని చూచిన ఆ తల్లిని మేము గౌరవింపకుండుట యెట్లు?

ఇట్లు ఏండ్లు గడచెను. ఎంత యాస్తియైనను దినదినమును తీయగా తరుగును. డొక్కావారి పొలములును తరిగినవి. ఇంక చాలింపుడని హితవు చెప్పినవారును లేకపోలేదట. ఆమె మాత్రము చాలింపలేదు. ఆమె కీర్తి గోదావరి దాటి, చెన్నపట్టణము దాటి, సముద్రము దాటెను. ఎడ్వర్డు చక్రవర్తి ప్రభుత్వకాలమున ఆయన పట్టాభిషేక మహోత్సవమునకు ఆమెను ఆహ్వానించిరనియు, తాను కీర్తికొరకు పెట్టుట లేదనియు, తాను కదలినచో వచ్చినవారికి అన్నమెవరు పెట్టుదురనియు చెప్పి ఆమె పోవుటకు సమ్మతింపలేదనియు చెప్పుదురు. తుదకు అధికారులు బతిమాలి ఆమె ఛాయాచిత్రమును తీయించి పంపగా, ఆ చిత్రమును సభలో ఆసనముపై నుంచి గౌరవించిరని గోదావరీ మండలమున ఇంటింట చెప్పుకొను కథ. ఆ చిత్రమునుబట్టియే నేడు మనము ఆమె రూపమును ఎరుగుదుము: సాదా చీర కట్టిన ముసలి స్త్రీ, ఆడంబరములేని ముఖము. 1909వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన ఆమె కాలధర్మము నొందెను. ఆమెను జనులు అపర అన్నపూర్ణ యనియు, నిరతాన్నదాత్రి యనియు పిలిచిరి.

ఈ రెండు బిరుదులలో మాకు రెండవదే ప్రియమైనది. నిరతమనగా ఎడతెగనిది. పెండ్లినాడు వేయిమందికి పెట్టువారు మన డెల్టాలో కొల్లలు. పదునారు వంటకములతో విందుచేసి, మరునాడు తలుపు మూసికొనువారు ఎందరో కలరు. ఒకనాటి విందు పిల్లవాని యెముకకు బలమీయదు. దినదినము వేళకు దొరకు పిడికెడన్నమే యిచ్చును. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనలో గూడ ఏనాటి యాహారము ఆనాటికే అడుగుమని యున్నది గాని విందు నడుగుమని లేదు. సీతమ్మగారి గొప్పతనము పెట్టిన రాశిలో లేదు. ఒక్కనాడును మానకుండుటలో నున్నది. బడి భోజనమునకు ఆమె పేరు తగుటకు గూడ ఇదియే కారణము.

బడిలో అన్నము పెట్టుట మన దేశమున నిన్న మొన్నటి యాలోచన కాదు. మన గోదావరీ మండలములు చెన్నరాజధానిలో భాగములై యున్న కాలముననే, 1920లో, చెన్నపట్టణపు కార్పొరేషనువారు త్యాగరాయ చెట్టిగారి అధ్యక్షతయందు థౌజండ్ లైట్సు ప్రాంతపు బడిలో బీదపిల్లలకు ఫలహారము పెట్టుట ప్రారంభించిరి. స్వాతంత్ర్యానంతరము కామరాజు నాడారుగారు ఆ రాష్ట్రమున దీనిని విస్తరింపజేసిరి. 1995లో కేంద్రప్రభుత్వము దేశమంతటికిని ఒక పథకమును ఏర్పరచినది గాని, పెక్కుచోట్ల పిల్లలకు బియ్యమును కొలిచియిచ్చి పంపెడివారు. సుప్రీముకోర్టువారు 2001 నవంబరులో వండిన యన్నమే పెట్టవలెనని శాసించిరి. మన రాష్ట్రమున 2003 జనవరినుండి వండిన భోజనము బడిలో మొదలయ్యెను. కేంద్రపథకము ఎనిమిదవ తరగతితో ఆగినను, తొమ్మిది పది తరగతులకు రాష్ట్రప్రభుత్వము తన వ్యయముతో పెట్టుచున్నది. 2025 జనవరినుండి ప్రభుత్వ జూనియరు కళాశాలలకు గూడ విస్తరింపజేసినది.

చిన్న తరగతుల పిల్లవానికి దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరలు, 5 గ్రాముల నూనె అని లెక్క. దానివలన 450 కాలరీల శక్తియు, 12 గ్రాముల మాంసకృత్తులును లభింపవలెను. ఆరు మొదలు ఎనిమిది తరగతులవారికి 150 గ్రాముల బియ్యము, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరలు. 700 కాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు. మన రాష్ట్రమున వీనికి తోడు కోడిగ్రుడ్డు, వేరుసెనగ చిక్కి, రాగిజావ చేర్చబడినవి. తలిదండ్రులు ఈ యంకెలను జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము. ఏలయన అన్నము నిండుగా నున్నంత మాత్రమున ఆరోగ్యము నిండుగా నుండదు. ఈ సత్యమును మన గోదావరీ మండలమే ఒకప్పుడు కష్టపడి నేర్చుకొన్నది.

సీతమ్మగారి లోగిలిలో బియ్యము రోటిలో రోకళ్లతో దంచిన బియ్యము. ఆ బియ్యమున పైపొర కొంత నిలిచియుండును. పిదప డెల్టాలో బియ్యపు మరలు వెలసెను. తెల్లని బియ్యము తినుట గొప్పతనమని జనులు తలంచిరి. పైపొరయంతయు తవుడై పశువుల పాలయ్యెను. అప్పుడు, ధాన్యము కొల్లగా పండు ఈ ఉత్తర సర్కారు జిల్లాలలోనే, బెరిబెరి యను వ్యాధి ప్రబలియుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, ఒడలుబ్బి, గుండె బలహీనమై మనుష్యులు క్రుంగిపోయెడివారు. కూనూరులో పరిశోధనలు సలిపిన మెక్కారిసన్ దొరగారు 1920 ప్రాంతములలో ఈ విషయమును పరిశీలించిరి. బియ్యపు పైపొరలోని బి-1 విటమిను లోపించుటయే ఆ వ్యాధికి హేతువని నేడు చిన్నపిల్లలకు గూడ పాఠము చెప్పుచున్నాము. దేశమునకు అన్నము పెట్టు సీమలోని ప్రజలు అన్నమును తినుచునే రోగులైరనుట ఎంత వింత!

ఆ వ్యాధి నేడు అరుదైనను, దాని చెల్లెలివంటి రక్తహీనత మనలను వీడలేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి అరువదిమందికి మించి రక్తహీనత గలవారని తేలినది. అందుచేతనే బడి భోజనపు బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను కలిపిన గింజలను చేర్చుచున్నారు. నూరు కిలోల బియ్యమునకు ఒక కిలో గింజలు. కొందరు తల్లులు వీనిని చూచి ప్లాస్టిక్కు బియ్యమని భ్రమపడి ఏరి పారవేయించుచున్నారు. అమ్మలారా, అవి ప్లాస్టిక్కు కావు. బియ్యపు పిండిలో మందు కలిపి చేసిన గింజలు. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడెవరో యెరుగుదురా? మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సీతమ్మగారు గన్నవరమున వండుచుండగా, ఏటి కావల భీమవరమున ఆ బాలుడు పుట్టెను. అన్నము పెట్టిన తల్లియు, అన్నములో లోపించినదానిని చేకూర్చిన శాస్త్రజ్ఞుడును ఒకే నదీజలములు త్రాగినవారు. నేడు బడిలో పిల్లవాని పళ్లెములో ఇరువురును కలిసికొనుచున్నారు.

ఇక ఈ పథకము కాగితముమీదనుండి పళ్లెములోనికి వచ్చుట యెట్లన్నది మిగిలినది. ప్రభుత్వము బియ్యమును పంపగలదు గాని, పిల్లవానిచేత పాలకూరను తినిపింపజాలదు. కూరముక్కలను, కరివేపాకును ఏరి పళ్లెము చివర నుంచుట మన పిల్లలకు అలవాటు. గ్రుడ్డులోని పచ్చసొనను పారవేయువారును కలరు. పిల్లలారా, పారవేసినది మీ రక్తమని యెరుగుడు. తలిదండ్రులారా, బియ్యమును పలుసార్లు గట్టిగా కడుగకుడు; గంజి వార్చి పారబోయకుడు; ఇంటి పెరటిలో ఒక మునగచెట్టు, రెండు మళ్లు తోటకూర వేయుడు. భోజనముతో ఒక జామపండో, నిమ్మరసమో, ఉసిరికాయో చేరినచో ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగుగ పట్టును. భోజనముతోడనే తేనీరు త్రాగినచో పట్టదు. తెల్లవారి పిల్లలను చద్దన్నమైనను పెట్టక బడికి పంపకుడు. ఉదయప్రార్థనవేళ కన్నులు తిరిగి కూలబడిన పిల్లలను మేమెరుగుదుము. వారికి ఆ పూట ఏ పాఠమును తలకెక్కదు.

వీనియన్నిటికంటె కష్టమైనది మరియొకటి కలదు. అది పంక్తిలో కూర్చుండుట. ఫలాని కులపు స్త్రీ వండినదని తమ పిల్లలను బడి భోజనము ముట్టనీయని తలిదండ్రులను గూర్చిన వార్తలను, మన దేశమున కొన్నిచోట్లనుండి వచ్చినవానిని, పత్రికలలో చదివి తలవంచుకొంటిమి. అంత దూరము పోనక్కరలేదు. మేము పనిచేసిన యొక బడిలో ఇంటినుండి క్యారియరు తెచ్చుకొనువారు అరుగుమీద కూర్చుండెడివారు. బడి భోజనము తినువారు చెట్టు వెనుకకు పోయి తినెడివారు. ఏ తప్పును చేయని పిల్లలు దొంగలవలె తమ యన్నమును దాచుకొని తినుట చూచి మాకు మనస్సు కలుక్కుమనెను. వడ్డింపకముందు ఉపాధ్యాయుడు రుచిచూడవలెనన్నది నియమము. మేము ఆ నియమమును చెంచాతో తీర్చుకొనుచుంటిమి. ఒకనాడు చెంచాను విడిచి, పళ్లెము తీసికొని, ఆ పిల్లల నడుమ నేలపై కూర్చుండి తింటిమి. మరునాడును కూర్చుంటిమి. నాలవనాడు మరియొక ఉపాధ్యాయుడు వచ్చెను. నెల గడచునప్పటికి చెట్టు వెనుక ఎవరును లేరు. అరుగుమీద ఇద్దరో ముగ్గురో మిగిలిరి. మరియు మేము దినమును తినుచుంటిమి గావున, పప్పు పలుచనైననాడు ఆ సంగతి మాకు వెంటనే తెలియుచుండెను. పరీక్షింప వచ్చినవాడు ఒకనాడు చూచును. పంక్తిలో కూర్చుండువాడు ప్రతిదినమును చూచును.

మొదట చెప్పిన ఆ చిన్నవాని మాటకు మరల వత్తము. మన బడులలో తెల్లవారగనే వచ్చి, పొయ్యి వెలిగించి, పొగలో కన్నులు నలుపుకొనుచు, వందలమంది పిల్లలకు వండి వడ్డించు స్త్రీలు కలరు. వారికి మన రాష్ట్రమున ఇచ్చు గౌరవవేతనము 2019లో నెలకు 1,000 రూపాయలనుండి 3,000 రూపాయలకు పెంచబడినది. వారిని పిల్లలు ఒకప్పుడు పేరైనను ఎరుగక పిలుచుచుందురు. పిల్లలందరు తినిన పిదప, గిన్నెల అడుగున మిగిలినదానితో వారు తమ భోజనము ముగించుట మేము కన్నులార చూచితిమి. అందరికిని పెట్టి, తాను కడపట భుజించు నియమము గన్నవరమున ఎవరిదో ఇదివరకే చెప్పియుంటిమి. కావున వండిపెట్టు మామ్మగారే సీతమ్మగారని యన్న ఆ పిల్లవాడు చరిత్రపాఠమున తప్పినను, ఆమె చరిత్రసారమును గ్రహింపకపోలేదు.

గన్నవరమువద్ద వైనతేయమీదుగా కాలువ నీటిని దాటించుటకు కాటన్ దొరగారి కాలమున నలువదితొమ్మిది కమానులతో కట్టిన పాత అక్విడక్టు కలదు. దాని ప్రక్కనే తరువాత కట్టిన క్రొత్త అక్విడక్టునకు సీతమ్మగారి పేరు పెట్టిరి. విద్యార్థులారా, మీరు ఆ త్రోవను పోయినప్పుడు ఆ నీటిని ఒక్కసారి చూడుడు. నది ఎంత పెద్దదైనను, పొలమునకు దారి చూపువారు లేనిదే గింజ పండదు. గింజ ఎంత పండినను, విస్తరివరకు తెచ్చువారు లేనిదే ఆకలి తీరదు. రేపు మధ్యాహ్నము గంట కొట్టగనే చేతులు కడిగికొని, మీ ప్రక్కన కూర్చుండువాడెవడని చూడక పంక్తిలో కూర్చుండుడు. దేవునికి కృతజ్ఞత చెల్లింపుడు. వడ్డించు అమ్మను పేరుపెట్టి, గారు చేర్చి పిలువుడు. పళ్లెములోని ఆకుకూరను మిగుల్చకుడు. సీతమ్మగారికి మనము చేయగల స్మారకము ఇంతకంటె గొప్పది లేదు.